పది హార్స్‌పవర్ పెరిగిందని ఎలా తెలుస్తుంది?

స్నోమొబైల్ అంటే మంచు మీద నడిచే బండి. ముందు చక్రాల చోట రెండు స్కీలు (మంచు మీద జారే పొడవాటి పలకలు) ఉంటాయి. వెనక చక్రం చోట గట్టి రబ్బరు పట్టా ఒకటి తిరుగుతూ బండిని ముందుకు తోస్తుంది. దాన్ని ట్రాక్ అంటారు. కాశ్మీర్‌లోని గుల్మార్గ్‌కు వెళ్లిన మనవాళ్లు కొందరు దీని మీద ఒక రౌండు వేసే ఉంటారు. కెనడాలోనూ, అమెరికా ఉత్తరాన మిన్నెసోటా, విస్కాన్సిన్, మిషిగన్ రాష్ట్రాల్లోనూ మాత్రం ఇది సరదా సవారీతో ఆగిపోదు. క్విబెక్ రాష్ట్రంలోని వాల్‌కోర్ట్ అనే చిన్న ఊళ్లో బొంబార్డియర్ కంపెనీ 1959లో స్కీ-డూ బండిని అమ్మకానికి పెట్టింది. అప్పటి నుంచి ఆ ప్రాంతాల చలికాలంలో ఇది విడదీయలేని భాగమైంది.

ఈ బండ్ల ఇంజిన్లు ఇటీవల బాగా మారాయి. 2017 మోడల్‌గా యమహా సైడ్‌వైండర్, ఆర్కిటిక్ క్యాట్ జడ్‌ఆర్ 9000 వచ్చాయి. రెండింటిలోనూ ఉన్నది యమహా చేసిన ఒకే ఇంజిన్. మూడు సిలిండర్లు, 998 సీసీ, పైన టర్బోచార్జర్. శక్తి 200 హార్స్‌పవర్ స్థాయిలో ఉంటుంది. మన వీధుల్లో తిరిగే చిన్న కారుకు ఉండేది 70 నుంచి 90. తర్వాత 2020 మోడల్‌గా స్కీ-డూ సమిట్ 850 టర్బో వచ్చింది. ఫ్యాక్టరీ నుంచే టర్బోతో బయటికొచ్చిన తొలి టూ-స్ట్రోక్ స్నోమొబైల్ అది. 2025 మోడళ్ల తర్వాత ఉత్తర అమెరికాలో స్నోమొబైళ్లు అమ్మబోమని యమహా 2023లో ప్రకటించింది. అయినా అమ్ముడైన బండ్లు మంచు మీద తిరుగుతూనే ఉన్నాయి. వాటి యజమానులు ఇప్పుడు కొత్త బండి కొనే ముందు ట్యూనింగ్ వైపు చూస్తున్నారు.

ట్యూనింగ్ అంటే ఇక్కడ ప్రధానంగా ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్చడం. హైదరాబాద్‌లో కార్లకు ‘రీమ్యాప్’ చేస్తామని చెప్పే వర్క్‌షాపులు చేసేదీ ఇదే పని. పని అయ్యాక యజమాని చేతికి ఒక గ్రాఫ్ వస్తుంది. దాని మీద రెండు గీతలు ఉంటాయి. కింది గీత ముందున్న శక్తి. పై గీత ఇప్పుడున్న శక్తి. మధ్యలో ఉన్న ఖాళీకే డబ్బు కట్టాం. ఆ ఖాళీ ఎంత నిజమో తెలుసుకోవాలంటే ఆ రెండు గీతలు ఎలా పుట్టాయో తెలియాలి. ట్యూనింగ్ చేసేవాళ్లు అబద్ధం చెబుతారని అనడం లేదు. నిజాయతీగా కొలిచినవాడికి కూడా తప్పు లెక్క వచ్చే అవకాశం ఈ పనిలో చాలా ఉంది. టర్బో ఉంటే మరీ ఎక్కువ.

ముందు హార్స్‌పవర్ సంగతి. మన రైతులకు ఇది కొత్త మాట కాదు. బోరు మోటారు 5 హెచ్‌పీనా, 7.5 హెచ్‌పీనా అన్నది పొలం దగ్గర రోజూ వినిపించేదే. ఈ కొలతను స్థిరపరిచింది 18వ శతాబ్దం చివర్లో జేమ్స్ వాట్. ఒక పౌండు బరువును ఒక అడుగు పైకి ఎత్తే పనిని ఒక అడుగు-పౌండు అంటారు. నిమిషానికి అలాంటివి 33,000 చేయగలిగితే అది ఒక హార్స్‌పవర్. నేటి లెక్కలో దాదాపు 746 వాట్లు.

ఇందులో గమనించాల్సింది, శక్తిని ఏ యంత్రమూ నేరుగా కొలవదు. రెండు వేరే కొలతల నుంచి లెక్కగడతారు. మొదటిది టార్క్ (తిప్పే బలం). దీన్ని న్యూటన్ మీటర్లలో చెబుతారు. రెండోది ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు). టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి, 7,121తో భాగిస్తే హార్స్‌పవర్ వస్తుంది. ఇంజిన్ 8,750 ఆర్‌పీఎం దగ్గర 163 న్యూటన్ మీటర్ల బలంతో తిరుగుతుంటే, దాని శక్తి 200 హెచ్‌పీ. ఆర్‌పీఎం కొలవడం తేలిక, పెద్దగా తప్పు రాదు. తప్పు వచ్చేదంతా టార్క్ దగ్గరే.

టార్క్ కొలిచే యంత్రం పేరు డైనమోమీటర్. వాడుకలో డైనో. దీని మూలసూత్రం చాలా పాతది. తిరిగే ఇరుసును బ్రేకు వేసి పట్టుకోవాలి. ఆ బ్రేకు ఇరుసుతో పాటు తిరిగిపోవాలని చూస్తుంది. దానికి ఒక చెయ్యి తగిలించి తిరగకుండా ఆపాలి. ఆపడానికి ఎంత బలం కావాల్సి వచ్చిందో అదే టార్క్. ఫ్రెంచి ఇంజినీరు గాస్పార్ డి ప్రోనీ 1821లో చేసిన బ్రేకు ఇలాంటిదే. బ్రేకుతో వచ్చిన చిక్కు వేడి. ఓడల ఇంజిన్లంత పెద్దవాటిని కొలవబోతే బ్రేకు కాలిపోతుంది. అందుకని 1877లో ఇంగ్లండ్‌లో విలియం ఫ్రౌడ్ నీటితో పనిచేసే బ్రేకును రూపొందించాడు. లోపల రెక్కల చక్రం నీటిని చిలుకుతుంది. ఇంజిన్ శక్తి అంతా నీటిలో వేడిగా మారి, నీటితో పాటే బయటికి పోతుంది.

నేటికీ స్నోమొబైళ్లను పరీక్షించే డైనోలు ఎక్కువగా నీటి బ్రేకులే. ఇంజిన్‌ను బండిలోంచి దించాల్సిన అవసరం కూడా లేదు. పక్క ప్యానెల్ తీసి, క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ల ఎగుడుదిగుడు కదలికను తిరుగుడుగా మార్చే ఇరుసు) చివర ఉండే క్లచ్‌ను విప్పుతారు. ఆ కొనకు డైనోను తగిలిస్తారు. ఇది స్నోమొబైల్‌కు దక్కిన పెద్ద సౌకర్యం. కారుకైతే చక్రాలను రోలర్ల మీద పెట్టి కొలవడమే మామూలు. అప్పుడు గేర్లలో, టైర్లలో పోయిన శక్తి ఎంతో ఊహించుకోవాలి. ఇక్కడ ఆ ఊహ అవసరం లేదు. క్రాంక్ మీద పుట్టిన శక్తి క్రాంక్ మీదే దొరుకుతుంది.

డైనోకు ముందుగా ఒక చిన్న పరీక్ష పెట్టాలి. దాని చేతికి అర మీటరు దూరంలో 50 కిలోల బరువు వేలాడదీస్తే, తెర మీద 245 న్యూటన్ మీటర్లు కనబడాలి. 250 చూపిస్తే అది ప్రతి ఇంజిన్‌కూ రెండు శాతం అదనంగా కలుపుతోందన్నమాట. ఈ పరీక్షకు పది నిమిషాలు చాలు. వర్క్‌షాపుకు వెళ్లినవాళ్లు మొహమాటపడకుండా అడగదగ్గ విషయం ఇది.

ఇప్పుడు టర్బో దగ్గరికి వద్దాం. ఇంజిన్ శక్తి పెట్రోలు నుంచి వస్తుందని అనుకుంటాం. కానీ పెట్రోలు ఎంతైనా పోయవచ్చు. దాన్ని మండించడానికి సిలిండర్‌లో ఎంత గాలి ఉందన్నదే హద్దు. టర్బో ఆ హద్దును జరుపుతుంది. బయటికి పోయే పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది. ఆ చక్రంతో ఒకే ఇరుసు మీద ఉన్న ఇంకో చక్రం బయటి గాలిని కుక్కి లోపలికి పంపుతుంది. అలా పెరిగిన ఒత్తిడిని బూస్ట్ అంటారు. బూస్ట్ శ్రుతి మించకుండా వేస్ట్‌గేట్ అనే చిన్న తలుపు ఉంటుంది. అది తెరుచుకుంటే పొగలో కొంత భాగం చక్రాన్ని తప్పించుకుని పక్కదారిన పోతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది కాబట్టి, దాన్ని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ ఉంటుంది.

ట్యూనింగ్ చేసేవాళ్లు కంప్యూటర్‌లో మార్చేవి ఇవే. వేస్ట్‌గేట్‌ను ఆలస్యంగా తెరిపించి బూస్ట్ పెంచుతారు. దానికి తగ్గట్టు పెట్రోలు పెంచుతారు. స్పార్క్ ఎప్పుడు పడాలో సవరిస్తారు. కంపెనీ పెట్టిన కొన్ని పరిమితులను సడలిస్తారు. కంపెనీ ఈ పరిమితులు ఎందుకు పెట్టింది? ఎక్కువగా నాకింగ్ భయంతో. స్పార్క్ అంటించిన మంట చేరకముందే మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలడాన్ని నాకింగ్ అంటారు. అది కొన్ని సెకన్లు ఆగకుండా సాగితే పిస్టన్ అంచులు విరుగుతాయి, పైభాగం కరుగుతుంది. నాకింగ్‌ను తట్టుకునే గుణాన్ని పెట్రోలుకు ఆక్టేన్ సంఖ్యతో చెబుతారు. అమెరికా బంకులో 91 అని రాసి ఉన్న పెట్రోలు మన లెక్కలో 95, 96కు దగ్గర. రెండు దేశాల లెక్కగట్టే పద్ధతులు వేరు. ముందు కొలతను బంకు పెట్రోలుతో, తర్వాతి కొలతను రేసు పెట్రోలుతో తీస్తే వచ్చిన పెరుగుదలలో కొంత పెట్రోలుదే. ట్యూనింగ్‌ది కాదు.

అసలు చిక్కు వేడి దగ్గర మొదలవుతుంది. మంచు మీద పరుగెత్తేటప్పుడు ఇంటర్‌కూలర్‌కు గడ్డకట్టించే గాలి తగులుతుంది. డైనో గదిలో బండి కదలదు. ముందు ఒక ఫ్యాను పెడతారు. గది వేడెక్కుతూ ఉంటుంది. మొదటి పరీక్షలో సిలిండర్లలోకి వెళ్లే గాలి 25 డిగ్రీలు ఉందనుకోండి. వెంటవెంటనే చేసిన మూడో పరీక్షకు అది 45 డిగ్రీలకు చేరిందనుకోండి. ఒత్తిడి మారకుండా ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలు పెరిగితే గాలి సాంద్రత ఆరు శాతం పడిపోతుంది. అంటే సిలిండర్‌లో గాలి ఆరు శాతం తక్కువ. పైగా వేడి గాలిని చూసిన కంప్యూటర్ నాకింగ్ భయంతో స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది. 200 హెచ్‌పీ ఇంజిన్‌కు ఇదంతా పది, పదిహేను హెచ్‌పీ నష్టం. బండిలో ఒక్క బోల్టు కూడా మారలేదు.

ఈ పరిస్థితిలో వరస ముఖ్యమైపోతుంది. ట్యూనింగ్‌కు ముందు కొలత తీయడానికి ఇంజిన్‌ను నాలుగుసార్లు వరసగా పరుగెత్తించి, చివరిది రాసుకున్నారు. తర్వాత కంప్యూటర్ మార్చడానికి గంట పట్టింది. ఈలోగా అంతా చల్లారింది. మార్చిన తర్వాత మొదటి పరుగే రాసుకున్నారు. ఎవరూ మోసం చేయలేదు. అయినా గ్రాఫ్‌లో కనిపించే పెరుగుదలలో పది హెచ్‌పీ ఆ గంట విరామం ఇచ్చిందే. అందుకే గ్రాఫ్ కింద ప్రతి పరుగుకూ లోపలికి వెళ్లిన గాలి ఉష్ణోగ్రత, కూలెంట్ ఉష్ణోగ్రత, బూస్ట్ అచ్చయి ఉండాలి. అవి లేని గ్రాఫ్‌ను నేనైతే పక్కన పెడతాను.

టూ-స్ట్రోక్ బండికి ఇంకో వేడి కూడా లెక్కలోకి వస్తుంది. దాని సైలెన్సర్ గొట్టం వెడల్పయి మళ్లీ సన్నబడే ఆకారంలో ఉంటుంది. పొగలోని ఒత్తిడి తరంగం అందులో తగిలి వెనక్కి వచ్చి, బయటికి జారిపోబోయే తాజా మిశ్రమాన్ని సిలిండర్‌లోకి నెడుతుంది. తరంగం వేగం గొట్టంలోని వేడిని బట్టి మారుతుంది. గొట్టం చల్లగా ఉంటే గరిష్ఠ శక్తి ఒక ఆర్‌పీఎం దగ్గర, బాగా వేడెక్కాక మరో ఆర్‌పీఎం దగ్గర వస్తుంది.

వాతావరణం రోజురోజుకూ మారుతుంది కాబట్టి, వేర్వేరు రోజుల్లో తీసిన కొలతలను ఒకే తూకానికి తేవడానికి సవరణ గుణకం వాడతారు. ఆనాటి గాలి ఒత్తిడి, ఉష్ణోగ్రత, తేమను బట్టి ఒక సంఖ్య వస్తుంది. యంత్రం చూపిన టార్క్‌ను దాంతో గుణిస్తారు. అమెరికా ఆటోమోటివ్ ఇంజినీర్ల సంస్థ ఎస్‌ఏఈ రూపొందించిన జే1349 అనే ప్రమాణం 25 డిగ్రీల ఉష్ణోగ్రతను, 99 కిలోపాస్కల్ పొడిగాలి ఒత్తిడిని ఆధారంగా తీసుకుంటుంది. దానికన్నా పాతదైన మరో ప్రమాణం ఉంది. డైనో తెరల మీద దాన్ని ‘స్టాండర్డ్’ అంటారు. అది ఇంకా చల్లని, ఇంకా ఒత్తిడి ఉన్న గాలిని ఊహించుకుంటుంది. అందుకే ఒకే ఇంజిన్‌కు దాని ప్రకారం దాదాపు నాలుగు శాతం ఎక్కువ వస్తుంది. 200 హెచ్‌పీ కాస్తా 208 అవుతుంది. ముందు గీత ఒక ప్రమాణంలో, తర్వాతి గీత మరో ప్రమాణంలో గీస్తే ఏ పనీ చేయకుండానే ఎనిమిది హెచ్‌పీ పుడుతుంది.

టర్బో ఇంజిన్ విషయంలో దీన్ని మించిన సమస్య ఇంకోటి ఉంది. దీన్ని కొంచెం నిదానంగా చూడాలి. సవరణ గుణకం టర్బో లేని ఇంజిన్‌కు సరిగ్గా నప్పుతుంది. అలాంటి ఇంజిన్ బయటి గాలినే పీలుస్తుంది. బయట ఒత్తిడి తగ్గితే లోపలా తగ్గుతుంది, శక్తీ తగ్గుతుంది. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు మూడు శాతం పోతుందని స్థూలమైన లెక్క. మూడు వేల మీటర్ల ఎత్తున్న కొండ మీద అది ముప్పై శాతం. సవరణ చేసి ‘ఈ ఇంజిన్ సముద్ర మట్టానికి దగ్గర్లో ఉంటే ఇంత ఇచ్చేది’ అనడం సబబే.

టర్బో పరిస్థితి వేరు. కొండ మీద బయటి గాలి పల్చబడితే టర్బో ఇంకాస్త వేగంగా తిరిగి ఆ లోటు పూడుస్తుంది. స్కీ-డూ సమిట్ 850 టర్బోను కంపెనీ అమ్ముకున్నది ఈ గుణం చెప్పే. 165 హెచ్‌పీని ఎనిమిది వేల అడుగుల ఎత్తు దాకా తగ్గనివ్వదని ప్రకటించింది. అంటే ఆ టర్బో ఉన్నది మైదానంలో శక్తిని పెంచడానికి కన్నా, కొండ మీద పోయే శక్తిని నిలబెట్టడానికి. అలాంటి ఇంజిన్‌లో లోపలి ఒత్తిడిని కంప్యూటరే ఒక స్థిరమైన విలువ దగ్గర పట్టి ఉంచుతుంది.

అలాంటి టర్బో ఇంజిన్ ఒకదాన్ని, 1,600 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వర్ నగరంలో డైనో మీద పెట్టారనుకుందాం. అక్కడ గాలి ఒత్తిడి 83 కిలోపాస్కల్ చుట్టుపక్కల ఉంటుంది. డైనో 200 హెచ్‌పీ చూపింది. టర్బో అప్పటికే లోటు పూడ్చేసింది కాబట్టి, కింద మైదానంలోనూ ఆ ఇంజిన్ ఇచ్చేది దాదాపు అంతే. కానీ డైనో సాఫ్ట్‌వేర్‌కు ఆ సంగతి తెలియదు. ఒత్తిడి తక్కువుందని చూసి 1.2కు పైగా గుణకం వేస్తుంది. కాగితం మీద 240 దాటి వస్తుంది. ఆ అదనపు 40 ఏ మంచు మీదా కనిపించదు. పూడ్చిన గుంతనే మళ్లీ పూడ్చినట్టు లెక్క రాసుకోవడమే ఇది.

అలాగని టర్బోకు సవరణ అసలే వద్దనడం కూడా సరికాదు. వేస్ట్‌గేట్‌ను స్ప్రింగు ఒక్కటే నడిపే పాత పద్ధతి టర్బోలు బయటి ఒత్తిడికి పైన ఇంత అని కలుపుతాయి. బయట తగ్గితే లోపలా తగ్గుతుంది. వాటికి సవరణ కొంతవరకు అవసరం. ఏ బండి ఏ పద్ధతిదో తెలియకుండా గుణకం వేయడమే తప్పు. కాబట్టి టర్బో బండి కొలతలను సవరణ లేని అంకెల్లో చూపించమని, పక్కనే ఆనాటి ఒత్తిడి, ఉష్ణోగ్రత రాయమని అడగడం మంచిది. ముందూ తర్వాతా పరీక్షలు ఒకే మధ్యాహ్నం జరిగితే గుణకం గొడవే ఉండదు.

పరుగు ఎంత వేగంగా తీశారన్నదీ ఫలితాన్ని మారుస్తుంది. డైనో మీద ఇంజిన్‌ను 6,000 నుంచి 9,000 ఆర్‌పీఎం దాకా కొన్ని సెకన్లలో పెంచుతూ కొలుస్తారు. ఇంజిన్‌లోని తిరిగే భాగాల వేగం పెంచడానికి కొంత శక్తి ఖర్చవుతుంది. అది బ్రేకు దాకా రాదు. పరుగు వేగంగా తీస్తే ఈ ఖర్చు పెద్దది, నిదానంగా తీస్తే చిన్నది. టర్బో పుంజుకోవడానికీ కొంత సమయం కావాలి. మరీ తొందరగా తీస్తే బూస్ట్ పూర్తిగా రాకముందే ఆ ఆర్‌పీఎం దాటిపోతుంది. మరీ నిదానంగా తీస్తే వేడి ఎక్కుతుంది. ఏ వేగం సరైనదన్న వాదన కన్నా, రెండుసార్లూ ఒకే వేగం ఉండటం ముఖ్యం.

ఇవన్నీ జాగ్రత్తగా చేసినా కొంత చెదురు మిగులుతుంది. ఒకే బండిని, ఏమీ మార్చకుండా, వరసగా కొలిస్తే అంకెలు ఒక శాతం అటూ ఇటూ ఊగడం మామూలే. 200 మీద ఒక శాతం అంటే రెండు హెచ్‌పీ. ముందు కొలతలో రెండు, తర్వాత కొలతలో రెండు అటూ ఇటూ అయితే, వాటి తేడా మీద సుమారు మూడు హెచ్‌పీ అనుమానం ఉంటుంది. రెండు పెద్ద అంకెల మధ్య చిన్న తేడాను వెతికే ప్రతి కొలతకూ ఈ కష్టం తప్పదు. నలభై హెచ్‌పీ పెరిగిందంటే ఆ మూడు లెక్కలోకి రాదు. ఐదు పెరిగిందంటే మాత్రం ఒక్కో పరుగుతో తేల్చలేం. ఎయిర్ ఫిల్టర్ మార్చితే నాలుగు హెచ్‌పీ, సైలెన్సర్ మార్చితే ఐదు అని చెప్పే ప్రకటనలను ఈ వెలుగులో చదవాలి.

దీనికి ఒక మంచి విరుగుడు ఉంది. ట్యూనింగ్‌కు ముందు మూడు పరుగులు. మార్చాక మూడు పరుగులు. ఆ తర్వాత కంప్యూటర్‌లో మళ్లీ పాత లెక్కలు ఎక్కించి ఇంకో మూడు. చివరి మూడూ మొదటి మూడింటితో కలిస్తే మధ్యలో వచ్చిన తేడా ట్యూనింగ్‌దే. కలవకపోతే గదిలో ఇంకేదో మారింది. పిస్టన్ మార్చినవాళ్లు ఇలా వెనక్కి వెళ్లలేరు. కంప్యూటర్ లెక్కలకైతే కొన్ని నిమిషాల పనే. అయినా చాలామంది ఈ మూడో మెట్టు ఎక్కరు. గీత పైకి వెళ్లాక మళ్లీ కిందికి తేవడానికి ఎవరికీ మనసొప్పదు. నా దృష్టిలో మొత్తం పరీక్షలో అత్యంత విలువైన భాగం అదే.

డైనో చెప్పిందాన్ని సరిచూసుకోవడానికి బయటి సాక్షి కూడా ఉంది. పెట్రోలు. టర్బో పెట్రోలు ఇంజిన్ పూర్తి జోరులో ఒక్కో హార్స్‌పవర్‌కు గంటకు సుమారు 225 నుంచి 270 గ్రాముల పెట్రోలు తాగుతుంది. తక్కువ అంకె వేసుకున్నా 200 హెచ్‌పీకి గంటకు 45 కిలోలు. అంటే నిమిషానికి ఒక లీటరు. ఆ ఒక్క లీటరును మండించడానికి నిమిషానికి దాదాపు తొమ్మిది కిలోల గాలి కావాలి. ఇప్పుడు ట్యూనింగ్ తర్వాత 250 అయిందని చెప్పారనుకోండి. పెట్రోలు వాడకం నిమిషానికి లీటరుంబావు దగ్గరికి వెళ్లాలి. డైనోలో పెట్రోలు ప్రవాహాన్ని కొలిచే మీటరు ఉంటే ఈ లెక్క అక్కడికక్కడే తేలుతుంది.

శక్తి పెరిగింది, పెట్రోలు మాత్రం పెరగలేదు అంటే రెండు అర్థాలు రావచ్చు. ఒకటి, టార్క్ కొలతలో తప్పు ఉంది. రెండోది, మిశ్రమాన్ని పల్చన చేశారు. పెట్రోలు పూర్తిగా మండడానికి రసాయనశాస్త్రం ప్రకారం దాని బరువుకు 14.7 రెట్ల గాలి చాలు. కానీ టర్బో ఇంజిన్లను పూర్తి జోరులో 12 రెట్ల దగ్గరే నడుపుతారు. మిగులు పెట్రోలు ఆవిరై పిస్టన్‌ను చల్లబరుస్తుంది. దాన్ని 13 దాకా పల్చన చేసి, స్పార్క్‌ను ముందుకు జరిపితే డైనో మీద పది సెకన్ల పరుగులో కొంత శక్తి కనిపిస్తుంది. గడ్డకట్టిన సరస్సు మీద నిమిషాల తరబడి పూర్తి జోరులో పరుగెత్తినప్పుడు ఆ పిస్టన్‌కు చల్లదనం ఉండదు. అందుకని పై గీత ఎత్తుతో పాటు ఆ ఎత్తు దగ్గర గాలి-పెట్రోలు నిష్పత్తి ఎంతుందో కూడా చూడాలి.

డైనో అందుబాటులో లేనివాళ్లు మంచు మీదే పరీక్షిస్తారు. జీపీఎస్ పరికరం పెట్టి, కొలిచిన దూరంలో వేగం ఎంత వచ్చిందో చూస్తారు. బరువు తెలిస్తే, వేగం ఎంత త్వరగా పెరిగిందో తెలిస్తే శక్తి లెక్కగట్టవచ్చు. సూత్రం సరైనదే, నేలతోనే చిక్కు. పొద్దున గట్టిగా ఉన్న మంచు మధ్యాహ్నానికి మెత్తబడి ట్రాక్‌ను లాగేస్తుంది. ఎదురుగాలి ఉంటుంది. వెళ్లిన జాడలోనే మళ్లీ వెళితే ఒకలా, కొత్త మంచులో వెళితే ఇంకోలా ఉంటుంది. అనుభవం ఉన్నవాళ్లు అందుకే రెండో బండిని తెచ్చుకుంటారు. దాన్ని ఏమాత్రం ముట్టుకోరు. రెండూ పక్కపక్కన పరుగెత్తుతాయి. ట్యూనింగ్‌కు ముందు రెండు బండ్ల మధ్య ఎడం ఎంత, తర్వాత ఎంత అని చూస్తారు. మంచు మెత్తబడితే రెండింటికీ మెత్తబడుతుంది. హార్స్‌పవర్ అంకె రాదు కానీ, మార్పు ఉందో లేదో బాగా తెలుస్తుంది.

బండిలోనే ఇంకో సాధనం దాగి ఉంది. స్నోమొబైల్‌కు గేర్లు ఉండవు. మన గేర్లు లేని స్కూటర్లలో ఉన్నట్టే రెండు పుల్లీలు, మధ్యలో ఒక బెల్టు ఉంటాయి. ఇంజిన్ వైపు పుల్లీని ప్రైమరీ క్లచ్ అంటారు. అందులో చిన్న చిన్న బరువులు ఉంటాయి. ఇంజిన్ తిరిగేకొద్దీ అవి బయటికి విసిరినట్టు కదిలి బెల్టును గట్టిగా నొక్కుతాయి. ఇంజిన్ లాగే బలం, ఈ నొక్కే బలం సరిపోయిన చోట ఆర్‌పీఎం నిలుస్తుంది. కంపెనీ ఆ బరువులను ఎలా అమరుస్తుందంటే, పూర్తి జోరులో ఇంజిన్ తన గరిష్ఠ శక్తి ఉన్న ఆర్‌పీఎం దగ్గరే నిలిచి ఉంటుంది. బండి వేగం పెరుగుతున్నా ఇంజిన్ చప్పుడు మారకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు టార్క్ నిజంగా పెరిగితే ఏమవుతుంది? పాత బరువులు చాలవు. ఇంజిన్ వాటిని తోసుకుని 8,750 దాటి 9,000 దాకా పోతుంది. బరువులకు కొన్ని గ్రాములు చేర్చితే మళ్లీ దారికొస్తుంది. పుల్లీ, స్ప్రింగు మారకుండా ఉంటే, ఎన్ని గ్రాములు చేర్చాల్సి వచ్చిందన్నది టార్క్ ఎంత పెరిగిందో సుమారుగా చెబుతుంది. ముప్పై హెచ్‌పీ పెరిగిందని గ్రాఫ్ చెబుతున్నా పాత బరువులతోనే ఆర్‌పీఎం కదలకుండా ఉంటే, గ్రాఫ్‌ను మళ్లీ చదవాల్సిందే.

ఈ క్లచ్ వల్లే గ్రాఫ్‌ను చదివే పద్ధతి కూడా మారుతుంది. కారులో గేరు మారినప్పుడల్లా ఆర్‌పీఎం పడి లేస్తుంది కాబట్టి, గీత మొత్తం ముఖ్యమే. స్నోమొబైల్ పూర్తి జోరులో దాదాపు ఒకే ఆర్‌పీఎం చుట్టూ, రెండు మూడు వందల వెడల్పులో పనిచేస్తుంది. ట్యూనింగ్ 7,000 దగ్గర నలభై హెచ్‌పీ పెంచి, 8,750 దగ్గర ఎనిమిదే పెంచితే సరస్సు మీద తేడా చూపేది ఆ ఎనిమిదే. అలాగే గరిష్ఠ శక్తి 9,100కు జరిగితే, క్లచ్ ఇంకా 8,750 దగ్గరే పట్టుకుని ఉన్నంతకాలం ఆ గరిష్ఠం వాడకంలోకి రాదు.

క్రాంక్ మీద పుట్టినదంతా ట్రాక్‌కు చేరదన్నది ఇంకో సంగతి. బెల్టు వంగడంలో, జారడంలో, గొలుసులో, ట్రాక్ తిరగడంలో చెప్పుకోదగ్గ శక్తి వేడిగా పోతుంది. శక్తి పెంచాక బరువులు సరిచేయకపోతే బెల్టు ఇంకా జారుతుంది. కొంచెం దూరం గట్టిగా నడిపి, ఆగి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో (తాకకుండా వేడి కొలిచే సాధనం) రెండు పుల్లీల వేడినీ చూస్తే విషయం తెలుస్తుంది. ట్యూనింగ్‌కు ముందు రోజు ఇదే దూరం, ఇదే చలిలో తీసిన అంకెలు పక్కన పెట్టుకోవాలి. ఇంజిన్ వైపు పుల్లీ మునుపటికన్నా బాగా వేడెక్కి కనిపిస్తే, పెరిగిన శక్తిలో కొంత బెల్టును కాల్చడానికి పోతోంది. అప్పుడు మళ్లీ కంప్యూటర్ జోలికి వెళ్లనక్కర్లేదు. క్లచ్ మూత విప్పి బరువులు, స్ప్రింగు సరిచేసి, ముట్టుకోని ఆ రెండో బండితో పాటు మరోసారి పరుగెత్తించి చూడాలి.